లింగనిర్ధారణము – లింగధారణము

వంశధారానది సముద్రమున గలియు చోట కళింగపట్నము కలదు. ఒకప్పుడది ఓడలు వచ్చిపోయిన రేవు. 1876లో ఆ తీరమున దీపస్తంభము వెలసెను. ఆ యూరి చుట్టునున్న పల్లెలలో వరి పండించుకొనుచు, ఇంట ఒక ఆవునో గేదెనో పెంచుకొను కుటుంబములు పెక్కు కలవు. అట్టి యింట ఆవు చూడిదైనదని తెలిసిన నాటినుండి ముసలివారి నోటను, పసివారి నోటను వినవచ్చు ప్రశ్న యొక్కటే. ఈ మారు పెయ్యయా, కోడెయా?

వినుటకిది సామాన్యమైన ప్రశ్న. పాడి మీద బ్రదుకు కుటుంబమున కది సహజమైన ప్రశ్న కూడ. కాని యీ చిన్నప్రశ్న వెనుక ఒక పెద్ద ధర్మసందేహము దాగియున్నది. ఇంకను కన్ను తెరవని ప్రాణిని గూర్చి, నీవు ఎవరవని కాక, నీవలన మాకేమి లాభమని అడుగుట న్యాయమా? వృషభనామమును ధరించిన బసవేశ్వరుని గురువుగా కొలుచు గృహస్థు ఈ ప్రశ్న నెట్లు అడుగవలెను? అడిగిన పిమ్మట వచ్చిన జవాబు నెట్లు స్వీకరింపవలెను? ఇది విచారింపదగిన విషయము.

ముందుగా జనులు నమ్ము గుర్తులను చూడవలెను. చూడి ఆవు కడుపు కుడిప్రక్కకు ఒరిగినచో కోడెదూడ యనియు, ఎడమప్రక్కకు ఒరిగినచో పెయ్యదూడ యనియు కొందరందురు. ఎద మొదట దాటించినచో ఒకటి, ఎద చివర దాటించినచో మరియొకటి యని కొందరందురు. దారమునకు ఉంగరము కట్టి ఆవు వీపుపై వ్రేలాడదీసి, అది గుండ్రముగా తిరిగెనా, అటునిటు ఊగెనా యని చూచువారును కలరు. తిథిని, వారమును, ఆవు పరుండిన దిక్కును లెక్కించువారును కలరు.

ఈ గుర్తులలో మొదటిదానిని కొంచెము పరీక్షించినచో దాని బలము తెలియగలదు. ఆవు కడుపులో ఎడమప్రక్క నంతయు మేత నిలువచేసుకొను పెద్దపొట్ట ఆక్రమించియుండును. అందుచే పెరుగుచున్న గర్భము కుడిప్రక్కకే ఎక్కువగా జరుగును. పెయ్య యున్నను, కోడె యున్నను ఇదియే స్థితి. కుడి యొరిగిన ప్రతి ఆవును కోడెనే ఈనవలసివచ్చినచో లోకమున పెయ్యలే యుండెడివి కావు.

ఈ కుతూహలము ఒక్క యూరిది కాదు, ఒక్క కాలమునది కాదు. క్రీస్తుకు పూర్వము నాల్గవ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు, ఉత్తరపు గాలి వీచునపుడు గొఱ్ఱెలు కలిసినచో పోతులును, దక్షిణపు గాలి వీచునపుడు కలిసినచో ఆడుపిల్లలును పుట్టునను నమ్మకమును వ్రాసియుంచెను. రోమనుల వ్యవసాయ గ్రంథకర్తయగు వర్రో, ఆబోతు ఆవును దాటి కుడిప్రక్కకు దిగినచో కోడె, ఎడమప్రక్కకు దిగినచో పెయ్య యని చెప్పెను. మనుస్మృతి సరిరాత్రులు కొడుకునకును, బేసిరాత్రులు కూతునకును పంచి ఇచ్చెను. దేశములు వేరు, కాలములు వేరు. అయినను పెక్కు నమ్మకములలో ఒక పోలిక కనబడుచున్నది. కుడి మగదానికి, ఎడమ ఆడుదానికి. బలమైనదని తలచినది మగదానికి, బలహీనమని తలచినది ఆడుదానికి. అనగా ఈ గుర్తులు పశువును చూచి వ్రాసినవి కావు. మనుజుడు తన మనసులోని హెచ్చుతగ్గులను పశువు కడుపు మీద వ్రాసుకొన్నవి.

అయినచో జోస్యము చెప్పువాని మాట అప్పుడప్పుడు నిజమగుచున్నదే యని సందేహము కలుగవచ్చును. దానికి జవాబు చిన్న లెక్కలోనే కలదు. ఒక జోస్యుడు 100 ఇండ్లకు పోయి, ఇంటికి 50 రూపాయల చొప్పున తీసికొని, అందరికిని పెయ్యదూడయే పుట్టునని చెప్పెననుకొందురు గాక. తప్పినచో రుసుము తిరిగి ఇత్తునని ప్రమాణము కూడ చేసెననుకొందురు గాక. ఇంచుమించు 50 ఇండ్లలో పెయ్యలు పుట్టును. తక్కిన 50 ఇండ్లకు అతడు మాట తప్పక డబ్బు తిరిగి ఇచ్చును. సత్యవంతుడని పేరు మిగులును, 2,500 రూపాయలు మూటలో మిగులును. అతడు ఆవును చూడనైనను అక్కరలేదు. నోటితో పెయ్య యని చెప్పి, కాగితము మీద కోడె యని వ్రాసి దూలమున దోపి, తప్పినపుడు ఆ కాగితము తీసి చూపు చతురులును కలరు. ఇట్టి సంపాదన కాయకము కాదు. శ్రమ లేదు, సత్యము లేదు, ఇంటివారికి మేలు లేదు. సదాచారము బోధించు ధర్మములో దీనికి చోటు లేదు. శుభముహూర్తముల పేర, శకునముల పేర జనులను భయపెట్టి బ్రదుకుటను బసవేశ్వరుడు 12వ శతాబ్దముననే తిరస్కరించెను.

గుర్తులు పోయినను ప్రశ్న పోలేదు. ఈ కాలమున దానికి నిజమైన జవాబు దొరకుచున్నది. 1905లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞురాలు నెట్టీ స్టీవెన్సు పిండిపురుగులను పరీక్షించి, పుట్టబోవునది ఆడుదా మగదా యను విషయము తండ్రి బీజములోని ఒక సూక్ష్మభాగమును బట్టి యుండునని కనుగొనెను. ఆ సూక్ష్మభాగములనే క్రోమోజోములందురు. ఆవునకు 60, ముఱ్ఱా వంటి గేదెకు 50, మనుజునకు 46. తల్లి ఇచ్చునది ఎల్లప్పుడును ఎక్సు అను ఒకే రకము. తండ్రి బీజములో ఎక్సు వచ్చినచో ఆడుది, వై వచ్చినచో మగది. కావున కోడెను ఈనినదని ఆవును తిట్టుటయు, ఆడుపిల్లను కన్నదని కోడలిని తిట్టుటయు ఒకే అజ్ఞానమునకు రెండు ముఖములు. ఆ నింద మోయుచున్నది ఏ తప్పును చేయని తల్లి.

గర్భము నిలిచిన రెండు నెలలకు అటునిటుగా, అనుభవముగల పశువైద్యుడు స్కానింగు యంత్రముతో ఆవు కడుపులోని దూడ ఆడుదో మగదో చెప్పగలడు. ఆవు ఈనుటకు ఇంచుమించు 280 దినములు, గేదె ఈనుటకు ఇంచుమించు 310 దినములు పట్టును గదా. అనగా ఎన్నో నెలల ముందే జవాబు తెలియును. ఇంకను ముందునకు పోయి, దూడను ఎన్నుకొను విధానమే వచ్చినది. ఎక్సు గల బీజకణములో వై గల కణము కంటె ఇంచుమించు నూటికి నాలుగు పాళ్లు ఎక్కువ జన్యుపదార్థము ఉండును. ఆ తేడాను పట్టి, కణములకు రంగు వేసి, వెలుతురులో వేరుచేసి, పెయ్యలనిచ్చు బీజమును మాత్రమే సూదిమందుగా తయారుచేయుదురు. మన దేశమున 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషను క్రింద ఈ పద్ధతికి ప్రోత్సాహము లభించినది. 2024లో గౌసార్ట్ అను స్వదేశీ యంత్రవిధానము కూడ వచ్చినది. ఈ సూది వేయించినచో ఇంచుమించు నూటికి 90 పెయ్యలు పుట్టును. చూలు నిలుచుట మాత్రము మామూలు సూదికంటె కొంత తక్కువ.

శాస్త్రమును నిందింపవలసిన పనిలేదు. అది అడిగినదానికి జవాబిచ్చినది. అడిగినవాడు ఎందుకడిగెనన్నదే ధర్మవిచారము.

తాతలనాడు ఆవు కోడెను ఈనినచో ఇంట పండుగ. ఆ కోడె రెండు మూడేండ్లకు కాడికి వచ్చును. దాని మెడమీదనే ఇంటి సేద్యము నడచును. ఏరువాక పున్నమినాడు దానికి పసుపు కుంకుమలు, కనుమనాడు దాని కొమ్ములకు రంగులు. ఎద్దులేని రైతును ఊరు రైతుగా లెక్కించెడిది కాదు. తరువాత ట్రాక్టరు వచ్చెను, లారీ వచ్చెను. కాడి అటకకెక్కెను. నాడు వరమైన కోడెదూడ నేడు బరువైనది. 2019 నాటి పశుగణన ప్రకారము దేశమున ఆవుజాతి మొత్తము ఇంచుమించు 19 కోట్ల 25 లక్షలు. అందులో ఆడుపశువులు 14 కోట్ల 51 లక్షలు. అంతకు ముందటి 2012 గణనతో పోల్చినచో ఆడుపశువులు నూటికి 18 వంతున పెరుగగా, మగపశువులు నూటికి 30 వంతున తగ్గినవి. ఈ ఏడేండ్లలో ఆవులు కోడెలను ఈనుట మానలేదు. పుట్టిన కోడెలు నిలువలేదు.

ఇందులో కోడె చేసిన తప్పేమి? అది మునుపటివలెనే నాలుగు కాళ్లతో, తడితడి కన్నులతో, తల్లి పొదుగును వెదకుకొనుచు పుట్టినది. మారినది దూడ కాదు, బజారు. శుభమనియు అశుభమనియు పలికినది దూడ నుదుటి వ్రాత కాదు, ఇంటివారి లెక్కల పుస్తకము.

అవసరము లేదని తలచిన దూడకు జరుగునదేమియో పశువుల సాల చూచినవారికి తెలియును. కత్తి పట్టువారెవ్వరును లేరు. ముర్రుపాలు పిండి జున్ను కాచుకొందురు. దూడను పొదుగునొద్దకు చేపుటకు మాత్రము వదలి, పాలు దిగగానే లాగి గుంజకు కట్టుదురు. పెయ్యకు వేసిన తవుడు దీనికి వేయరు. నులిపురుగుల మందు పెయ్యకు పోయుదురు, దీనికి మరతురు. మూడవ వారమో నాలుగవ వారమో అది లేవదు. దూడ దక్కలేదని ఇరుగుపొరుగుతో చెప్పుకొందురు. కొన్నిచోట్ల ఆ చచ్చిన దూడ తోలులోనే గడ్డి కూరి, తల్లిముందు నిలిపి పాలు పిండుదురు. గేదె ఆ గడ్డిబొమ్మను నాకుచు పాలు చేపును. మోసమునందు కూడ తల్లి ధర్మము తప్పలేదు. తప్పినవారు వేరు.

ముర్రుపాల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఆవు, గేదె జాతులలో రోగమును అడ్డుకొను శక్తి గర్భములో నుండగా తల్లి రక్తమునుండి దూడకు రాదు. పుట్టిన తొలిగంటలలో త్రాగిన ముర్రుపాలనుండియే రావలెను. దూడ బరువులో పదవవంతు ముర్రుపాలు మొదటి దినముననే దానికి అందవలెనని పశువైద్యులు చెప్పుదురు. అవి ఇయ్యకుండుట ఆకలి పెట్టుట మాత్రమే కాదు, కవచము తీసి యుద్ధమునకు పంపుటయే.

ఇంతవరకు పశువుల సాల. ఇక ఇంటిలోనికి వచ్చినచో అదే ప్రశ్న మరియొక గొంతుతో వినబడును. కొడుకా, కూతురా? సాలలో ఆడుది కావలెనని ముడుపు కట్టిన చేయియే, ఇంటిలో మగవాడు కావలెనని ముడుపు కట్టును. పెయ్య పాలిచ్చును, కోడె తినును. కొడుకు తెచ్చును, కూతురు తీసికొని పోవును. కోరిక తలక్రిందులైనను కొలతబద్ద యొక్కటే. పుట్టబోవు ప్రాణిని రాబడి పోబడి లెక్కలో వ్రాసుకొనుటయే ఆ కొలత.

మనుజుల విషయమున ఈ ప్రశ్న అడుగుట నేరమని దేశము చట్టము చేసినది. గర్భస్థపిండ లింగనిర్ధారణము నిషేధించు చట్టము 1994లో వచ్చి, 2003లో మరింత కట్టుదిట్టము చేయబడెను. ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడుపిల్లలు 1991 జనగణనలో 945 మంది యుండగా, 2001లో 927కు తగ్గిరి. 2011 నాటికి 920 కంటెను దిగువకు పడిపోయిరి. ఈ అంకెలు ఒక్క యంత్రము చేసినవి కావు. యంత్రమును అడిగిన నోళ్లు చేసినవి.

ఈ ప్రశ్న ఎంత ప్రమాదకరమో పూర్వులకు తెలియకపోలేదు. భారతమున మౌసలపర్వకథ తెలియని తెలుగువారు అరుదు. ద్వారకకు వచ్చిన మునులను పరిహసింపదలచి యాదవకుమారులు సాంబునకు స్త్రీవేషము వేసి, ఈమెకు ఏ బిడ్డ పుట్టునో చెప్పుడని అడిగిరి. ముసలము పుట్టునని మునులు శపించిరి. ఆ ముసలమే యదువంశమును నాశనము చేసెను. అజ్ఞానముతో అడిగిన ప్రశ్నను మునులు క్షమింతురు. గర్భమును ఆటవస్తువుగా చేసి అడిగిన ప్రశ్నను వారు క్షమింపలేదు.

కళింగపట్నమునకు చేరువనే వంశధార ఒడ్డున శాలిహుండము కొండమీద ప్రాచీన బౌద్ధస్తూపముల శిథిలములు కలవు. అట్టి ఆరామములలో భిక్షువులు పఠించిన త్రిపిటకములలో దీఘనికాయము ఒక భాగము. అందు పాయాసి సుత్తమున ఒక కథ కలదు. ఇద్దరు భార్యలుగల బ్రాహ్మణుడు మరణించెను. పెద్దకొడుకు ఆస్తియంతయు తనదేయని గర్భవతియైన సవతితల్లిని నిర్బంధించెను. పురుడు వచ్చువరకు ఆగుము, మగబిడ్డయైనచో అతనికి భాగము వచ్చునని ఆమె చెప్పెను. అతడు మరల మరల ఒత్తిడి చేయగా, ఆమె గదిలోనికి పోయి, బిడ్డ ఆడుదో మగవాడో చూడదలచి కత్తితో తన కడుపును చీల్చుకొనెను. తల్లియు పోయెను, బిడ్డయు పోయెను. ఆగియుండవలసిన చోట ఆగలేని ఆత్రమునకు ఆ కథ దృష్టాంతము. కాని ఆమె చేతికి కత్తి నందించినది ఆస్తి కోరిన వాని ఒత్తిడియే యని కూడ గుర్తింపవలెను.

ఇట్టి ప్రశ్నకు వీరశైవము ఏమి జవాబు చెప్పుచున్నది? వీరశైవ గృహమున స్త్రీ గర్భవతియైనచో ఎనిమిదవ నెలలో గురువు వచ్చి, గర్భములోని శిశువు నిమిత్తము లింగమును అనుగ్రహించు సంప్రదాయము కలదు. పుట్టిన పిమ్మట ఆ శిశువునకు లింగధారణము చేయుదురు. ఆ దినమున గురువు ఇంటివారిని ఏమడుగును? మగశిశువా, ఆడుశిశువా యని అడుగడు. అడుగవలసిన అక్కరయే లేదు. మగశిశువునకు ఒక లింగము, ఆడుశిశువునకు వేరొక లింగము లేదు. లోకము గర్భమునకు లింగనిర్ధారణము కోరుచున్నది. వీరశైవము గర్భమునకు లింగధారణము చేయుచున్నది. ఒక్క అక్షరముల తేడాలో రెండు ధర్మములు నిలిచియున్నవి. మొదటిది నీవు ఏమిటివో తెలిసిన పిమ్మట నిన్ను ఉంచుకొందుమో లేదో చెప్పుదుమనును. రెండవది నీవు ఎవరవైనను మావాడవే, మాదానవే, రమ్మనును.

ఈ భావము శరణుల జీవితములందంతటను కనబడుచున్నది. బాలబసవుడు తన అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకేలయని ఇల్లు విడిచెనని భక్తులు చెప్పుకొందురు. జేడర దాసిమయ్య, స్త్రీపురుష లక్షణములు దేహమునకే గాని లోపల మెలగు ఆత్మకు లేవని స్పష్టముగా బోధించెను. కల్యాణమునందలి అనుభవమంటపమున అక్కమహాదేవి వంటి మహనీయురాండ్రు పురుషులతో సమముగా కూర్చుండి తత్త్వవిచారము చేసిరి.

పశువుల విషయమున ఈ బోధ వర్తించునా యని కొందరు అడుగవచ్చును. బసవ శబ్దమే వృషభ శబ్దమునకు తద్భవము. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణము ప్రకారము మాదాంబ సంతానము కొరకు నందికేశ్వరుని సేవించెను. నందియే బసవేశ్వరుడుగా అవతరించెనని భక్తుల విశ్వాసము. వంశధార ఒడ్డున శ్రీముఖలింగమునకు పోయినను, మరి యే శివాలయమునకు పోయినను, శివుని చూచుటకు ముందు నందిని చూడవలెను. నంది చెవిలో కోరికలు చెప్పుకొందురు. ఆ నంది పెయ్య కాదు, కోడె. రాతి నందికి పాలాభిషేకము చేసి, సాలలో బ్రదికియున్న నందికి ముర్రుపాలు లేకుండ చేయుట ఏ భక్తి? రాతినాగునకు పాలుపోసి, నిజమైన పామును చూచి చంపుమను భక్తిని బసవేశ్వరుడు ఎత్తిపొడిచినది ఇట్టి సందర్భమునకే తగియున్నది. దయలేని ధర్మము లేదని, ఆ దయ ఎల్లప్రాణులయందు ఉండవలెనని ఆయన బోధ.

బసవేశ్వరుని ఇంటి ఆవులను దొంగలు తోలుకొనిపోయిన కథ భక్తులలో ప్రసిద్ధము. పనివారు పరుగున వచ్చి చెప్పగా, తల్లులు లేక దూడలు అరచుచున్నవి, వానిని కూడ ఆ దొంగలకే అప్పగించి రండని బసవేశ్వరుడు చెప్పెనట. ఆవు పోయినదని ఆయన చింతింపలేదు, దూడకు పాలు పోయినవని చింతించెను. ఏయే దూడలు పెయ్యలు, ఏయే దూడలు కోడెలు అని ఆ కథలో ఎవ్వరును లెక్కించలేదు.

ఇక్కడ ఒక పేదరైతు పక్షమున వాదము వినకపోవుట అన్యాయము. ఇరువదియైదు కిలోల దూడ దినమునకు రెండున్నర లీటర్ల పాలు త్రాగును. అయిదు లీటర్ల పాలిచ్చు ఆవుగల ఇంట అది సగము పాడి. ఆ పాలు అమ్మిన డబ్బుతోనే పిల్లల చదువు, ముసలివారి మందులు. కాడికి రాని కోడెను బ్రదుకంతయు మేపుమని బోధించుట సులభము, మేపుట కష్టము. ఈ వాదము అబద్ధము కాదు. దీనిని త్రోసిపుచ్చు ధర్మబోధ పస లేనిది.

కావున చేయగలిగినదానిని చేయగలిగినంత స్పష్టముగా చెప్పవలెను. పెయ్యలనిచ్చు సూది వేయించుకొనుట పాపము కాదు. ఆకలితో చంపుటకై ఒక కోడెను పుట్టించుట కంటె, పుట్టకుండ చూచుకొనుట మేలే. ఇది మనుజుల గర్భమునకు వర్తింపదు. అక్కడ పుట్టిన బిడ్డను పెంచలేని స్థితి లేదు, పెంచుటకు మనసు లేని స్థితియే కలదు. కాని ఆ సూది వేయించినను నూటికి పది కోడెలు పుట్టును. ఆ పదవ దూడయే గృహస్థునకు పరీక్ష. నేను డబ్బిచ్చి పెయ్యను కొంటిని, కోడె వచ్చి మోసము చేసినదని దానిమీద కసి తీర్చుకొనువాడు, శాస్త్రమును ఉపయోగించుకొన్నవాడు కాడు, దానిని చెడగొట్టినవాడు. పెయ్య పుట్టినంతనే పాడి ఖాయమను భ్రమయు వలదు. కోడెతో కవలగా పుట్టిన పెయ్య నూటికి తొంబదిపాళ్లు గొడ్డుదే యగును. ఆడుది యని తెలిసినంతలో దాని భవిష్యత్తు తెలిసినట్లు కాదు.

రెండవది, ఏ దూడ పుట్టినను తొలి ముర్రుపాలు దానివే. ఇందులో బేరము లేదు. తరువాత మేత అలవడువరకు దూడ వంతు దూడకు మిగుల్చుట, నులిపురుగుల మందు, టీకా పెయ్యకును కోడెకును సమముగా ఇప్పించుట గృహస్థుని దాసోహము. దాసోహమనగా పంక్తిలో కూర్చున్న జంగమునకు వడ్డించుట మాత్రమే కాదు. అడుగలేని నోటికి అడుగకముందే పెట్టుట.

మూడవది, కోడెల భారమంతయు ఒక్క పేదవాని గుమ్మమున మోపుట ధర్మము కాదు. నందిని కొలుచు సంఘమంతయు ఆ భారమును పంచుకొనవలెను. మఠములకు భూములు కలవు, గడ్డివాములు కలవు, భక్తులు సమర్పించు ధాన్యము కలదు. ఒక్కొక్క మఠము అయిదు కోడెలకు మేతనిచ్చినను, పాలు మానిన కోడెను అప్పగించుటకు పేదవానికి ఒక చోటు దొరకును. మేలైన కోడెను ఆబోతుగా పెంచి ఊరికి ఇయ్యవచ్చును. వాని పేడతో గోబరుగ్యాసు, ఎరువు మఠమునకే వచ్చును. అక్షయతృతీయనాడు బసవజయంతి ఊరేగింపునకు చేయు వ్యయములో కొంతభాగము కోడెదూడల గ్రాసమునకు కేటాయించినచో ఊరేగింపు తేజస్సు తగ్గదు. భృత్యాచారమనగా అన్ని ప్రాణులకును తాను సేవకుడనని తలచుట. అది ఆచరణలో పెట్టవలసినదే గాని ఉపన్యాసములో పెట్టవలసినది కాదు.

ఇవి చేయలేక, కనీసము నాలుకను సరిదిద్దుకొనుటయైనను ప్రతి యింట సాధ్యము. ఆవు ఈనినపుడు ఇరుగుపొరుగువారు వచ్చి ఏమి పుట్టినదని అడుగుదురు. పెయ్య యైనచో గట్టిగా చెప్పుటయు, కోడె యైనచో గొంతు తగ్గించి చెప్పుటయు అలవాటైనది. ఆసుపత్రి వరండాలో కూతురు పుట్టినదని చెప్పునపుడును అదే గొంతు తగ్గును. ప్రక్కన నిలిచి వినుచున్న ఆడుపిల్ల ఆ గొంతును జన్మమంతయు మరువదు. సాలలో పుట్టిన ప్రాణిని లాభము చూచి పలుకరించు ఇంట పెరిగిన పిల్లవాడు, రేపు తన ఇంట పుట్టిన ప్రాణిని కూడ అట్లే పలుకరించును. కావున పిల్లలకు సమభావము నేర్పు తొలిబడి పశువుల సాలయే యని పెద్దలు గ్రహింపవలెను.

కళింగపట్నపు తీరమున దీపస్తంభము సముద్రము వైపు చూచుచు నిలిచెను. చీకటిలో వచ్చుచున్నది పెద్ద యోడయా, చేపల పడవయా, సరకుతో వచ్చుచున్నదా, ఒట్టిగా వచ్చుచున్నదా యని దీపము అడుగదు. వచ్చినదానికి దారి చూపును. గృహస్థధర్మము కూడ అట్టిదే. చూడి ఆవునొద్దకు పోయి కడుపు తడిమి, పెయ్యయా కోడెయా యని అడుగుటలో తప్పు లేదు. కుతూహలము మనుజసహజము. కాని ఆ రాత్రి తడిసి, వణకుచు, తడబడు కాళ్లతో లేచి నిలిచిన దూడకు ఇంటివారిచ్చు జవాబే వారి ధర్మమునకు కొలత. పుట్టకముందు అడిగిన ప్రశ్నను శివుడు లెక్కింపడు. పుట్టిన పిమ్మట తొలిపాలు ఎవరికి దక్కినవో అది మాత్రము లెక్కించును.